ముసలి కోళ్ల గుడ్లూ, కింది వరుస టోటలూ

రిపోర్టులో నూరు వరుసలుంటే తొంభై తొమ్మిదింటిని నేను తప్ప ఎవరూ చదివేవారు కాదు. అట్టడుగున లావు అక్షరాల్లో ఉండే నూరో వరుసను, అంటే టోటల్‌ను, యజమాని దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ చదివేవారు. ఇరవై ఆరేళ్లు నేను చేసిన ఉద్యోగం అదే. తొంభై తొమ్మిది వరుసలు నా ఒక్కడి కోసం, ఒక్క వరుస లోకం కోసం తయారు చేయడం.

మాది మేడ్చల్. మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఉన్న ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో, కోళ్ల కంపెనీల్లో రిపోర్టులు తయారు చేశాను. ఎన్ని అంటే, అన్నీ ప్రింటు తీసి రోడ్డు మీద పరిస్తే అత్వెల్లి నుంచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా కాలికి మట్టి అంటకుండా నడిచి వెళ్లొచ్చు. యాభై రెండేళ్లకే మానేశాను. కంప్యూటర్‌లోకి తొంగి చూసి చూసి నా మెడ ఎంత వంగిపోయిందంటే, ఎక్స్‌రే చూసిన డాక్టరు "గీ ఫిల్మ్ మీద ప్రశ్న గుర్తు ఎవరు గీసిండ్రు?" అని కాంపౌండరును కేకలేశాడు.

ఇప్పుడు మా వీధి పిల్లలు దుండిగల్ కాలేజీల్లో చదువు ముగించుకుని, నేను వదిలేసిన పనిలోకే వెళుతున్నారు. వీపున ల్యాప్‌టాప్ సంచి, షేర్ ఆటోలో డ్రైవరు పక్కన అర సీటు. "అంకుల్, మాకేమన్న చెప్పుండ్రి" అంటారు. ప్రమోషన్ల గురించి నేను చెప్పగలిగింది లేదు. నాకు వచ్చిన ప్రమోషన్లు లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలు, అదీ చిటికెన వేలు. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. కింది వరుస ఎలా పుడుతుంది, అది ఎవరి కొంప ముంచుతుంది అనేది.

ఆలస్యంగా దిగిన మేనమామ

టోటల్ అంటే పై వరుసల కూడిక అని అందరి నమ్మకం. నేనూ అలాగే నమ్మి ఉద్యోగంలో చేరాను. అది కూడిక కాదని తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. నా పక్క సీటతనికి రిటైరయ్యే దాకా పట్టింది.

రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లో మనం రాసే సూత్రాన్ని మెజర్ అంటాం. ప్రతి వరుస దగ్గరా ఆ వరుసకు చెందిన సరుకును ముందేసుకుని ఆ సూత్రం తాజాగా లెక్క కడుతుంది. టోటల్ వరుసకు వచ్చేసరికి మొత్తం సరుకును ముందేసుకుని మళ్లీ మొదటి నుంచి కడుతుంది. పైన ఎవరికి ఎంత వచ్చిందో దానికి తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు.

మా చుట్టాల్లో ఒక మేనమామ ఉండేవాడు. పెళ్లి మాటలన్నీ అయిపోయి, తాంబూలాలు పుచ్చుకుని, అందరూ చెప్పులు వెతుక్కుంటున్న సమయానికి దిగేవాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇంతకు పిలగాడు ఏం జేస్తడు?" అని మొదలుపెట్టేవాడు. ఇంట్లో అందరూ విడివిడిగా ఒప్పుకున్న సంబంధాన్ని ఆయన ఒక్కడే మళ్లీ విచారించి చెడగొట్టేవాడు. టోటల్ వరుస అచ్చంగా ఆ మేనమామే. ఆయన అడిగిన ప్రశ్న తప్పని నేను అనను. కానీ పైన కూర్చున్న వాళ్లు ఏమన్నారో ఆయన వినలేదని గుర్తుంచుకోవాలి.

గౌడవెల్లి బస్సూ, స్టీలు టిఫిన్ డబ్బాలూ

మేడ్చల్‌లో మందు సీసాలకు అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో నా మొదటి పెద్ద తప్పు జరిగింది. గౌడవెల్లి నుంచి కంపెనీ బస్సు ఒకటి వచ్చేది. అందులో రోజూ ఎంతమంది వస్తున్నారో వారానికో రిపోర్టు ఇవ్వాలి. సోమవారం నలభై రెండు, మంగళవారం నలభై ఒకటి, అలా శనివారం దాకా ఆరు వరుసలు. కింద టోటల్ నలభై ఆరు. అంటే ఆ వారంలో బస్సెక్కిన మనుషులు, ఒక్కొక్కరిని ఒక్కసారే లెక్కిస్తే, నలభై ఆరుగురు.

మా మేనేజరుగారిది భీమవరం వైపు. ఆయన గొంతు ఎంత గట్టిదంటే, ఫోను చేతిలో ఉన్నా అవసరం లేకుండానే అవతలి వాళ్లకు వినబడేది. రిపోర్టు చూసి నన్ను పిలిచారు.

"ఏవండీ, నలభై రెండూ నలభై ఒకటీ కలిపితే ఎంతండీ?"

"ఎనభై మూడు సార్."

"మరి ఆరు రోజులూ కలిపితే నలభై ఆరేంటండీ? ఇంత డబ్బా పెట్టుకున్నారు, దీనికి కూడికలు రావా?"

"సార్, సోమారం వచ్చినోళ్లే మంగళారం గూడ వస్తరు గదా. మనుషులు వాళ్లే సార్."

"మనుషుల సంగతి నాకెందుకండీ? కింద కూడిక రావాలి. వచ్చేట్టు చెయ్యండి."

వచ్చేట్టు చేశాను. ముందు ఒక్కో రోజుకు లెక్క విడిగా కట్టు, తర్వాత ఆ ఆరింటినీ కూడు అని సూత్రం మార్చాను. పావుగంట పని. టోటల్ రెండు వందల యాభై ఒకటి వచ్చింది. మేనేజరుగారు చేతి క్యాలిక్యులేటర్‌తో సరిచూసుకుని, మొదటిసారి నన్ను "గుడ్" అన్నారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానంటే, ఆ రోజు బండి తోలకపోయినా ఇల్లు చేరేవాణ్ని.

దసరాకు ఆ బస్సులో వచ్చే వాళ్లందరికీ స్టీలు టిఫిన్ డబ్బా ఇవ్వాలని కంపెనీ అనుకుంది. స్టోర్సు వాళ్లు ఎన్ని కావాలో చూడ్డానికి నా రిపోర్టు తెరిచారు. ఏ వరుస చదివారో మీకు చెప్పక్కర్లేదు. రెండు వందల యాభై ఒక్క డబ్బాలు దిగాయి. మనిషికి ఐదు చొప్పున పంచినా ఇరవై ఒకటి మిగిలాయి. డబ్బాల మోత మోగిస్తూ ఆ సాయంత్రం గౌడవెల్లిలోకి వెళ్లిన బస్సును చూసి ఊరేగింపు అనుకుని జనం బయటికి వచ్చారట. ప్యాకింగులో పనిచేసే బాలమణి నా దగ్గరికొచ్చి, "సార్, మీ దయతోటి మా ఇంట్ల ఇగ ఉప్పుకు గూడ టిఫిన్ డబ్బనే" అంది.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటుంది. బాసు అడిగిన టోటల్ కట్టే ముందు, దాన్ని ఎవరు దేనికి వాడతారో అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. నేను అడగలేదు కాబట్టే ఇప్పటికీ గౌడవెల్లిలో పెళ్లి భోజనానికి వెళితే, నా తప్పులోంచే నాకు పప్పు వడ్డిస్తారు.

సరైన లెక్క కట్టి చేసిన తప్పు

ఆ తప్పు నవ్వుకోవడానికి పనికొచ్చింది. రెండోది అలా కాదు.

శామీర్‌పేట దాటాక ఒక హేచరీలో చేరాను. గుడ్లను మెషిన్లలో పొదిగించి కోడిపిల్లల్ని తీసే చోటు. సెట్టర్ అనే పెద్ద మెషిన్‌లో గుడ్లు పద్దెనిమిది రోజులుంటాయి, తర్వాత మూడు రోజులు ఇంకో మెషిన్‌లో. ఇరవై ఒకటో రోజున ట్రే తెరిస్తే కిచకిచలు. పెట్టిన గుడ్లలో ఎన్ని పిల్లలయ్యాయన్న శాతమే అక్కడ అందరి జాతకం.

కవలపిల్లల్లాంటి రెండు సెట్టర్ గదులుండేవి. ఒకే కంపెనీవి, ఒకే రోజున దిగినవి. మొదటి గది కొమురయ్యది. అత్వెల్లి మనిషి, యాభై ఎనిమిదేళ్లు, మాట తక్కువ. ఆయనకు ఒక అలవాటుండేది. ట్రేలోంచి గుడ్డు తీసి, మూసిన కంటిరెప్ప మీద ఆనించుకుని, వేడి ఎంతుందో చెప్పేవాడు. తర్వాత థర్మామీటర్ పెట్టి చూస్తే అంతే ఉండేది. ఎప్పుడైనా తేడా వస్తే థర్మామీటర్‌ను బాగు చేయించేవాళ్లు. రెండో గది ప్రవీణ్‌ది. ముప్ఫై ఏళ్లవాడు, డిప్లొమా చదివాడు, మెషిన్ మీద ప్రతి లైటుకూ అర్థం తెలిసినవాడు, మంచివాడు.

నేను వెళ్లక ముందు శాతాలు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవారు. తల్లికోళ్ల వయసును బట్టి గుడ్లు రెండు రకాలు. పడుచు కోళ్ల గుడ్లకు ఒక శాతం, ముసలి కోళ్ల గుడ్లకు ఒక శాతం. రెండింటినీ కూడి రెండుతో భాగించి కింద గీత గీసి టోటల్ వేసేవారు. కొమురయ్యకు ఎనభై, ప్రవీణ్‌కు డెబ్బై ఆరున్నర.

నేను ఆ బల్లను చూసి, పెరుగన్నంలో బొద్దింకను చూసినట్టు అదిరిపడ్డాను. శాతాల్ని కూడి భాగించకూడదు! పది గుడ్లకు వచ్చిన శాతమూ పదివేల గుడ్లకు వచ్చిన శాతమూ ఒకే బరువు తూగవు. పెట్టిన గుడ్లన్నీ ఒక కుప్ప, వచ్చిన పిల్లలన్నీ ఒక కుప్ప, పిల్లల మొత్తాన్ని గుడ్ల మొత్తంతో భాగించాలి. మా వృత్తిలో ఇది ఓనమాలు. అలాగే మెజర్ రాశాను. రకాల వారీ వివరాలన్నీ మడిచేసి, గదికి ఒక్క టోటల్ మాత్రం కనబడేలా రిపోర్టును అందంగా ముద్ద చేసి, యజమాని ప్రకాశరావుగారి ముందు పెట్టాను.

కొమురయ్య డెబ్బై నాలుగు. ప్రవీణ్ ఎనభై మూడు.

ప్రకాశరావుగారు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ కొత్త కాలనీలో స్థిరపడిన మనిషి. మర్యాదస్తుడు, కానీ షెడ్డులో అడుగుపెట్టి ఏళ్లయింది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఇన్నాళ్లూ నన్ను ఆ నల్లబల్లే మోసం చేసిందన్నమాట. మంచి పని చేశారండీ. ఈ నెలాఖరుకి పెద్ద సెట్టర్ వస్తోంది కదా, అది ప్రవీణ్‌కి ఇచ్చేద్దాం. మొదటి గది కూడా వాడే చూసుకుంటాడు. కొమురయ్య పెద్దవాడయ్యాడు, ట్రేలు కడిగే దగ్గర కూర్చోబెట్టండి."

నేను "సరే సార్" అన్నాను. నా జీవితంలో పలికిన అన్ని మాటల్లోకీ ఆ రెండు మాటలు చవకవి.

రెండు తావుల గెలిచినోడు

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కొమురయ్య నా గదికి వచ్చాడు. తిడతాడనుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఆయన తలుపు దగ్గర చెప్పులు విడిచి, తువ్వాలతో చేతులు తుడుచుకుని నిలబడ్డాడు.

"సార్, మీ కంప్యూటర్ల నేను ఓడిపోయిన్నంట గదా."

"గట్లేం గాదు కొమురన్నా..."

"గాదంటే ఎట్ల సార్, ట్రేల కాడికి పొమ్మన్నరు. పోత. ట్రేలు కడిగితె చేతులేం అరిగిపోవు. ఇరవై రెండేండ్ల సంది గా మెషిన్ కాడ ఉన్న. ఎక్కడ ఓడిపోయిన్నో జర సూపియ్యుండ్రి. తెల్వకుంట ఓడిపోతె నిద్ర వడ్తలేదు."

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా చూడాలనే ఉంది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన పేరు పక్కన చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే మడిచిన వరుసలు విచ్చుకుంటాయి. రిపోర్టు చేసిన నాటి నుంచి నేను దాన్ని నొక్కలేదు. నొక్కాను.

కొమురయ్య తెర మీద వేలు పెట్టి చదివాడు. "గీడ ఏందిది, పడుసు కోళ్లయా? నాది తొంభై. పిలగానిది ఎనభై ఎనిమిది. గీడ నేనే గెలిచిన గదా?"

"ఔ."

"గిది ముసలి కోళ్లయి. నాది డెబ్బై. ఆనిది అరవై అయిదు. గీడ గూడ నేనే."

"ఔ..."

ఆయన వేలు కిందికి జారి టోటల్ దగ్గర ఆగింది. నా వైపు తిరిగాడు.

"మరి రెండు తావుల గెలిచినోడు, కలిపితె ఎట్ల ఓడిపోయిండు సార్?"

ఇరవై ఏళ్ల అనుభవం, వంగిన మెడ, గోడ మీద మూడు సర్టిఫికెట్లు ఉన్నవాణ్ని, కుర్చీని కంప్యూటర్ వైపు తిప్పుకున్నాను. సూత్రం తప్పేమోనని విప్పి చూశాను. గోడ క్యాలెండర్ చింపి, వెనక పెన్సిల్‌తో చేత్తో లెక్క కట్టాను. మూడుసార్లు కట్టాను. మూడుసార్లూ డెబ్బై నాలుగూ, ఎనభై మూడూ. పై రెండు వరుసలూ నిజమే. కింది వరుసా నిజమే. ఇద్దరూ సత్యవంతులే అయితే ఇంట్లో దొంగతనం ఎవరు చేసినట్టు?

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు కొమురయ్య మీద జాలి కంటే ఆ లెక్క మీద మోజే ఎక్కువ కలిగింది. సిగ్గుపడాల్సిన మాటే. కానీ ఆ మోజే నన్ను కుర్చీలోంచి లేపి షెడ్డుకు నడిపించింది. నేను ఆ కంపెనీలో చేరాక షెడ్డుకు వెళ్లడం అదే మొదటిసారి. యజమాని వెళ్లడం లేదని ఇందాక ఎత్తిపొడిచాను కానీ, నేనూ ఆ తానులో ముక్కనే.

ఎర్ర గుడ్డ

గుడ్లు దించుకుని ట్రాలీల్లో పేర్చే చోట యాదమ్మ ఉంటుంది. చేతులు ఎంత వేగమంటే, ఆమె గుడ్లు పేరుస్తుంటే గుడ్లు కనబడవు, తెల్లటి గీత ఒకటి కనబడుతుంది. కొన్ని ట్రాలీల పిడికి పాత ఎర్ర చీర పేలిక కట్టి ఉంది.

"యాదమ్మా, గీ ఎర్ర గుడ్డ ఏంది?"

"అయ్యో రిపోర్టు సారు, గింత సదువు సదివిండ్రు, గది తెల్వదా? గవి ముసలి కోళ్లయి. కొమురన్న గదికి పోయేటియి."

"ఎవలు చెప్పిండ్రు కొమురన్న గదికే పంపుమని?"

"ఎవలు జెప్తరు? ముసలి కోళ్ల గుడ్లు పెద్దగుంటయి, పెంకు పల్సగుంటది, జల్ది నీళ్లింకుతయి. వేరేటోల్ల చేతుల వెడితె సగం సస్తయి. కొమురన్న అయితె కంటి మీద వెట్టుకోని సూస్తడు, గాలి తిప్పుతడు, నీళ్లు వెడ్తడు, బతికిస్తడు. పడుసు కోళ్లయి ఎవలైన తీస్తరు, గవి ప్రవీణ్‌కు తోలుత. ఎన్నడన్న మిగిలితెనే కొన్ని అటుఇటు. నేనొచ్చిన కాడికెల్లి గిట్లనే."

ఎక్కడా రాసి లేదు. ఎవరూ ఆర్డరు వేయలేదు. పాత చీర పేలిక ఒకటి ఏళ్ల తరబడి ఆ కంపెనీని నడిపిస్తోంది.

పరుగున వచ్చి అంకెలు విప్పాను. ఒక్కో గదికి పదివేల గుడ్లు. కొమురయ్యకు వెళ్లినవి పడుచు కోళ్లవి రెండు వేలు, ముసలి కోళ్లవి ఎనిమిది వేలు. ప్రవీణ్‌కు సరిగ్గా తలకిందులు. కొమురయ్య పడుచు గుడ్లలో పద్దెనిమిది వందలు, ముసలివాటిలో యాభై ఆరు వందలు తీశాడు. కలిపితే డెబ్బై నాలుగు శాతం. ప్రవీణ్ ఎనిమిది వేల పడుచు గుడ్లలోంచి ఏడు వేల నలభై, రెండు వేల ముసలి గుడ్లలోంచి పదమూడు వందలు తీశాడు. కలిపితే ఎనభై మూడు దాటింది. టోటల్‌లో కొమురయ్యను కిందికి లాగినవి ఎవరూ తీసుకోని గుడ్లు.

మెజర్ మార్చాను. నువ్వు నిలబడ్డది ఒక్క వయసు గుడ్ల ముందా, అన్ని వయసుల ముందా అని మొదట సూత్రం చేతే అడిగించాను. అన్నింటి ముందైతే, ఒక్కో వయసుకు శాతం విడిగా కట్టి, రెండు గదులకూ ఒకే తూకం వేసి, అప్పుడు కలపమన్నాను. వచ్చింది కొమురయ్యకు ఎనభై, ప్రవీణ్‌కు డెబ్బై ఆరున్నర. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన అంకెలే! ఓనమాలు రావని నేను తీసిపారేసిన బల్ల, తెలియకుండానే రెండు రకాలకూ సమానమైన తూకం వేసింది.

ఇరవై ఒక్క రోజులు

ప్రకాశరావుగారికి అంతా వివరించాను. ఆయన కళ్లజోడు తీశారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"మొన్న డెబ్బై నాలుగన్నారు. ఇవాళ ఎనభై అంటున్నారు. రేపు తొంభై అంటారా? ఏది కరెక్టండీ?"

"రెండు కరెక్టే సార్. ఈ గదిలోంచి ఎన్ని పిల్లలొస్తాయని అడిగితే డెబ్బై నాలుగు. ఎవరి చేతి పని మంచిదని అడిగితే ఎనభై."

"నాకీ వేదాంతం వద్దండీ. ఇద్దరికీ చెరిసగం గుడ్లివ్వండి. ఇరవై ఒక్క రోజుల తర్వాత కోడిపిల్లలే చెబుతాయి. అప్పటిదాకా కొమురయ్య తన గదిలోనే ఉంటాడు."

ప్రవీణ్‌కు చెబితే వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మంచిదే సార్. నాక్కూడ తెల్వాలె గదా, నేను మంచిగ చేస్తున్ననా, గుడ్లే మంచియా."

మొదటిసారి ఎర్ర గుడ్డ లేకుండా ట్రాలీలు కదిలాయి. నేను రోజూ షెడ్డుకు పోయేవాణ్ని. కొమురయ్య నా కంటిరెప్ప మీద కూడా గుడ్డు పెట్టి "ఎంత?" అని అడిగేవాడు. నేను చెప్పిన జవాబులు నిజమైతే ఆ గుడ్లు ఎప్పుడో ఆమ్లెట్లు అయిపోవాలి.

పదహారో రోజు నేను వెళ్లేసరికి మొదటి గదిలో మనిషి లేడు. కొమురయ్య రెండో గదిలో, ప్రవీణ్ మెషిన్‌కు గాలి మూతలు తెరుస్తున్నాడు. పక్కన ప్రవీణ్ గుడ్డును కంటికి ఆనించుకుని నిలబడ్డాడు. నేను గుమ్మంలోంచే కేకేశాను.

"కొమురన్నా! ఏం చేస్తున్నవ్? పరీక్ష గదా ఇది! నీ నౌకరీ పరీక్ష!"

"పెద్ద గుడ్లు సార్, లోపల పిల్ల పెరిగితె వేడి మస్తు పుడ్తది. మీటర్ల ఇంక వడలేదు గని, లోపల ఉడుకుతున్నయ్. పిలగానికి గింతగనం ముసలియి ఎన్నడన్న ఇచ్చినమా? ఆనికెట్ల తెలుస్తది?"

"గది ఆని గది, నువ్వు ఓడిపోతవ్!"

ఆయన మూత తిప్పడం ఆపలేదు. "పోటీ మనకున్నది సార్. గుడ్లకేం ఎరుక?"

ఇరవై ఒకటో రోజు ట్రేలు తెరిచారు. యాదమ్మ లెక్కపెట్టింది, నేను లెక్కపెట్టాను, పిల్లలు మా ఇద్దరి మీదుగా పరిగెత్తాయి. కొమురయ్య గది ఎనభై ఒకటి. ప్రవీణ్ గది డెబ్బై తొమ్మిది.

ప్రకాశరావుగారు ఆఫీసులో మమ్మల్నందరినీ నిలబెట్టి కాగితం చూశారు. "రెండు శాతమేగా తేడా. దీనికోసమా ఇంత గొడవ? ప్రవీణ్ కుర్రాడు, కొత్త మెషిన్ కూడా..."

"సార్." ప్రవీణ్ ఒక అడుగు ముందుకొచ్చాడు. "నా గదిల పదహారో దినం సంది ముసలి గుడ్లను సూసుకున్నది కొమురన్న. గా దినం ఆయన రాకపోతె గవి అరవై అయిదు గూడ వచ్చేటియి గావు. గా డెబ్బై తొమ్మిది నాది గాదు సార్."

నా మెజర్లో ఏ సూత్రమూ పట్టుకోలేని అంకె అది. ఒకరు చేస్తే పక్క గది లెక్కలో చేరిన పని.

"ఏవయ్యా కొమురయ్యా," అన్నారు ప్రకాశరావుగారు కాగితం బల్ల మీద పెట్టి, "నిజమేనా?"

"ఉడుకుతుంటే ఎట్ల సూస్కుంట ఉంట సార్."

"సరే. నీ గది నీదే. కొత్త సెట్టర్ కూడా నువ్వే చూడు, ప్రవీణ్ నీ దగ్గర నేర్చుకుంటాడు. ఇకమీదట ఇద్దరికీ గుడ్లు సగం సగం. టోటల్లో నీకు అన్యాయం జరగదు."

కొమురయ్య తువ్వాల భుజం మార్చుకున్నాడు. "కొత్త మెషిన్ పిలగానికే ఇయ్యుండ్రి సార్, గా లైట్లు నాతోటి గావు. కంటి మీద వెట్టుడు ఆనికి నేర్పిస్త. గని సగం సగం వద్దు. ముసలియన్ని నాకే పంపుండ్రి. టోటల్ తక్కువొస్తె రానియ్యుండ్రి."

ఖాళీ గడి

మర్నాడు యాదమ్మ మళ్లీ ఎర్ర గుడ్డ కట్టింది. ఇప్పుడు రిపోర్టులో టోటల్ ఏది వేయాలన్న సమస్య నాకు మిగిలింది. కుప్ప టోటల్ వేస్తే కొమురయ్య మళ్లీ డెబ్బై నాలుగు, ఏడాది తర్వాత ఇంకెవరో దాన్ని చూసి ట్రేల దగ్గరికి పంపుతారు. సమాన తూకం టోటల్ వేస్తే, రేపు రావలసిన పిల్లల్ని దాన్ని బట్టి అంచనా వేసి, ఎవరో ఇంకో రెండు వందల యాభై ఒక్క టిఫిన్ డబ్బాలు తెస్తారు. కుర్రకారూ, మీకు పుస్తకాలు ఏం చెబుతాయో నాకు తెలియదు. నేను సూత్రంలో ఒక చిన్న మాట మార్చాను. ఒక్క వయసు గుడ్ల ముందు ఉంటే శాతం చూపించు, అన్నింటి ముందూ ఉంటే ఏమీ చూపించకు. గదుల వరుసలన్నీ విప్పే ఉంచాను. కింద లావు అక్షరాలుండాల్సిన గడి తెల్లగా మిగిలింది.

మరుసటి సోమవారం ప్రకాశరావుగారు ఫోను చేశారు.

"ఏవండీ, కింద టోటల్ ఎగిరిపోయిందేంటి? సాఫ్ట్‌వేర్ పాడైందా?"

"పాడు కాలేదు సార్. తీసేశాను."

"తీసేస్తే నేను ఏం చదవాలండీ?"

"పై వరుసలు చదవండి సార్. అర్థం కాకపోతే షెడ్డుకు వెళ్లి అడగండి."

ఆయన ఫోను ఠక్కున పెట్టేశారు. నా ఉద్యోగం పోయిందనుకుని సొరుగులోంచి నా గ్లాసూ, దువ్వెనా తీసి సంచిలో వేసుకున్నాను. అరగంట గడిచినా ఎవరూ పిలవలేదు. ఏమైందో చూద్దామని షెడ్డు వైపు నడిచాను.

మొదటి గది తలుపు తెరిచే ఉంది. ప్రకాశరావుగారు కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, కుడి రెప్ప మీద ఒక పెద్ద గుడ్డు ఆనించుకుని నిలబడ్డారు. ఎదురుగా కొమురయ్య, చేతిలో ట్రే.

"తెలిసిందా సార్?"

"ఏం తెలీలేదయ్యా."

"ఇంకోటి వెట్టుండ్రి."